జేజి మూతిగుడ్డ

ప్రొద్దుటూరు

దస్తగిరి అన్నకు సలాం.

పులివెందుల నుంచి నువ్వు పంపిన మూడు నకాబులూ అందాయి. చెల్లెలు ఇన్నాళ్లకు దారికొచ్చిందని సంబరపడుతున్నావట, వదిన ఫోన్‌లో చెప్పింది. ఆ సంబరం కాస్త ఆపు.

నా కుట్టుకొట్టు ఉన్న కాంప్లెక్సుకు పోయిన నెల బోర్డు పెట్టారు, ముఖం కప్పుకున్నవాళ్లు లోపలికి రాకూడదని. జాకెట్టుకు కొలతలివ్వడానికి వచ్చిన మాబున్నమ్మను వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపాడు. డెబ్బై ఏళ్ల మనిషి, జాకెట్టు గుడ్డ చేతిలో పట్టుకుని ఎండలో వెనక్కి పోయింది. మర్నాడు ఆమె నకాబే ఒకటి అడిగి తెచ్చి, కట్టుకుని పోయాను.

ఓనరు మేడ మీంచి దిగొచ్చాడు. "ఏందమ్మా, ఎన్నడూ ఏసుకోనిదానివి, ఈ పొద్దేంది?"

"ఎన్నడూ ల్యాని బోర్డు నువ్వు పెట్నావు గదప్పా!" అన్నాను.

కొట్టు ఖాళీ చేయమన్నాడు. ఇప్పుడు గేటు ఎదురుగా, రోడ్డు మీదే మిషను వేసుకుని కుడుతున్నాను. మొదట కుట్టింది మాబున్నమ్మ జాకెట్టే.

నా పెళ్లప్పుడు నువ్వు వెయ్యమంటే వెయ్యనన్నాను. ఇప్పుడు వీళ్లు తియ్యమంటే తియ్యను.

దూది ఏకేటప్పుడు మన జేజి మూతికి గుడ్డ కట్టుకునేది, గుర్తుందా? ఎవరూ కట్టుకోమనలేదు, ఎవరూ విప్పమనలేదు. పని కాగానే తనే విప్పి, దులిపి, దండెం మీద వేసేది.

నీ నకాబుల్లో ఒకటి ఉంచుకున్నాను. బోర్డు దిగేదాకా అది చాలు. మిగతా రెండూ వెనక్కి పంపుతున్నాను.

నీ చెల్లెలు