దొర వద్దన్న నెమలి

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. దొర తన తండ్రి సమాధికి ఇవాళే పూజ చేయించాడు. దాని చుట్టూ ఉన్నవి నువ్వు వెట్టికి కొట్టిన నెమళ్ల కటకటాలే. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా నిన్ను కొలిమి ముందు నుంచి లేవనివ్వలేదు. ఆఖరి ఇనుప నెమలికి తోక అతికిన నాడే నువ్వు నెత్తురు కక్కుకున్నావు.

పూజకు నల్లగొండ నుంచి వచ్చిన తహసీల్దారు ఆ నెమళ్లను నిమిరి, ఎవరి పనితనమని అడిగాడు.

"పట్నంకెళ్లి తెప్పించిన," అన్నాడు దొర.

"అవి మా బాపు..." అని నేను నోరు తెరిచేలోపే అమ్మ నా చెయ్యి పట్టి గుంజుకొచ్చింది. కాలేజీలో చదివి కూడా మూగదాన్నయ్యానని ఇంటికొచ్చి మండిపడ్డాను.

"ఎందుకమ్మా గంత భయం?"

"భయం గాదే. మీ బాపు పేరు గా ముండాకొడుకు గోరి కాడ ఎందుకు?"

మెడ వంకరైందని దొర విసిరికొట్టిన నెమలిని అమ్మ అటక మీద దాచింది. సాయంత్రం దాన్ని తెచ్చి నీ సమాధికి తలవైపు పాతాం. బాగా కుదిరినవన్నీ వాడి తండ్రికే పోయాయి బాపూ. నీకు వాడు వద్దన్నదే మిగిలింది.

నీ బిడ్డ