చేపల చెరువులో దొరికిన ఓడ

మంగళవారం, రాత్రి

ఈ రోజు మా పొలంలో చేపల చెరువు తవ్వుతుంటే పొక్లెయిన్‌కి పెద్ద రాతి పలక తగిలింది. బురద కడిగి చూస్తే దాని మీద అలలు, ఓడ, పైన ఎగురుతున్న గుర్రం. దాని జూలూ తోకా పట్టుకుని మనుషులు వేలాడుతున్నారు. బళ్ళో నేను పిల్లలకి చెప్పే కథే అది. ఓడ మునిగి రాక్షసుల దీవిలో చిక్కుకున్న వర్తకుల్ని బోధిసత్వుడు గుర్రమై సముద్రం దాటించిన కథ. ఒక మనిషి ముఖంలో భయం ఇంకా అలాగే ఉంది.

మావయ్యగారు గట్టు మీదే నిలబడి, "పూడ్చేయించేద్దాం అమ్మా. గవర్నమెంటోళ్ళకి తెలిస్తే చెరువు ఆపేస్తారు" అన్నారు.

"తప్పండి మావయ్యగారూ. రేపు వెళ్ళి పురావస్తు శాఖ ఆఫీసులో చెప్పేస్తాను."

"ఇంటి కోడలివయ్యుండి నువ్వే చెప్తావా?"

"నేనే చెప్తానండి."

ఈ ఇంటికి వచ్చాక ఆయన మాటకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. అయినా మాట మార్చలేదు. మధ్యాహ్నం ఆయన భోజనానికి రాలేదు. చెరువు నిజంగానే ఆగిపోతే? వరి కలిసిరాకే కదా ఆయన చేపలకి దిగింది. ఆ బెంగ నాకూ ఉంది...

సాయంత్రం వసారాలో ఆయన పొక్లెయిన్ డ్రైవరుతో ఫోన్లో మాట్లాడుతుంటే వినపడింది. "రేపు పనిలోకి రావద్దు. ఆ రాయి మీద టార్పాలిన్ కప్పి వెళ్ళు. బండి తగిలితే గుర్రం విరిగిపోద్ది."

నాతో మాత్రం ఇంకా మాట్లాడలేదు. పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కుతాను. ఆయన కూడా వస్తానంటే బాగుండును. రాకపోయినా వెళ్తాను.