పెట్టెలోని దొరకు కాపలా

సూర్యాపేట,
శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు సూర్యనారాయణకు,

యంత్రానికి ఆడా మగా ఉండదని పోయిన ఉత్తరంలో రాశావు. ఉంటుంది. నువ్వు పంపిన గ్రామఫోను మగది. ఆ సంగతి ఈ ఊరి తల్లులు చెప్పేదాకా నాకూ తెలియదు కనుక నిన్నేమీ అనను. ఆడగొంతుతో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ప్లేట్లు వెతికి పంపమని నేనెందుకు అడిగానో అర్థం కాక, అక్కకు చాదస్తం ముదిరిందని శేషమ్మతో అన్నావట. మరదలే రాసింది. ఆమెను కోప్పడకు.

మీరంతా కులాసా అని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిన్ని కంటికి మందు వేస్తున్నారా, లేక సీసాకు పూజ చేస్తున్నారా? ఇక్కడ నేనూ, మనవరాలు సరోజినీ బాగానే ఉన్నాం. రెండుసార్లు రాస్తే బాగాలేమనుకుంటావు కాబట్టి ఒకసారే రాస్తున్నాను.

వచ్చి వేసవి గడిచింది, వానలు మొదలయ్యాయి. ఈ ఊరు నాకింకా అర్థం కాలేదు. కోదాడలో బస్సు ఆగినప్పుడు మన మాట సగమైనా వినిపిస్తుంది. సూర్యాపేట చేరేసరికి ఆ సగమూ పోతుంది. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ నన్ను 'నువ్వు' అంటారు. మొదట్లో మనసు చివుక్కుమంది. తరువాత చూస్తే తాసిల్దారునూ అలాగే అంటున్నారు. ఇప్పుడెవరైనా 'మీరు' అంటే, నా వల్ల ఏం తప్పు జరిగిందా అని ఉలిక్కిపడుతున్నాను. జొన్నరొట్టె నా పళ్లకు లొంగదు, మజ్జిగలో నానబెట్టి తింటున్నాను. సాయంత్రాలు తోచదు. నాతో వాదించేవాళ్లు ఒక్కరూ లేరు. నేనేమన్నా "గంతే పెద్దమ్మా" అని తలూపి వెళ్లిపోతారు. ఒప్పుకున్నారో, వదిలించుకున్నారో తెలియదు. నువ్వు పక్కనుంటే బాగుండునని అనిపించింది. అంతటి ఒంటరితనం మరి.

సరోజినికి ఇక్కడి ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పే పని దొరికినప్పుడు, పెళ్లికాని పిల్లను ఒంటరిగా పంపరాదని మీరంతా కూర్చుని నన్ను కాపలాకు పంపారు కదా. కాపలా ఇంటికేననుకున్నాను. బడికి కూడానట. తరగతి వెనక గోడకు ఆనుకుని పీట మీద కూర్చుంటాను. అది పాఠం చెబుతుంది, నేను దాన్ని చూస్తాను, పిల్లలు నన్ను చూస్తారు.

ప్రభుత్వం మారాక ఆడపిల్లలకు ఇంగ్లీషు కొత్తగా పెట్టారు. సరోజిని ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మిర్యాలగూడలో ఇలాంటి తరగతే తెరిస్తే, తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించారట. ఆఖరికి పంతులమ్మనూ ఇంటికి పంపేశారు. మన తరగతిని ఉంచాలా తీసేయాలా అని చూడడానికి హైదరాబాదు నుంచి తనిఖీ అమ్మగారు వస్తారని కబురు. తీసేస్తే సరోజిని జగ్గయ్యపేట వస్తుంది, బస్సు దిగీ దిగకముందే మీరు దానికి పెళ్లిచూపులు పెడతారు. దానికది ఇష్టం లేదు. నా ఇష్టం ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు.

ఇంగ్లీషు చెవిన పడక పిల్లల నోరు పెగలడం లేదని సరోజిని నీ గ్రామఫోను తెప్పించింది. కోదాడ దగ్గర సరుకులు సోదా చేసే నాకాలో దాన్ని విప్పించి, మోగించి చూపిస్తేగాని వదల్లేదు. అక్కడి జవాను రెండోసారి కూడా వేయించుకున్నాడు, అదీ తనిఖీయేనన్నాడు.

పాఠం ప్లేటు పెట్టి, కీ ఇచ్చి సూది దించితే లోపలి దొర గొంతు సవరించుకుని, 'వాట్ ఈజ్ యువర్ నేమ్?' అంటాడు. అడిగి ఊరుకుంటాడు. అతను ఊరుకున్నంతలో ఒక పిల్ల లేచి పేరు చెప్పాలి. తరువాత తండ్రి పేరు, అన్నదమ్ముల సంగతి. సరోజిని గొంతు చించుకున్నా పెదవి విప్పని పిల్లలు పెట్టెకు మాత్రం పోటీపడి జవాబు చెప్పారు. మనిషి దగ్గర సిగ్గుపడి యంత్రం దగ్గర పడకపోవడమేమిటని అడిగాను. "పెట్టె వెక్కిరించదు కదా అమ్మమ్మా" అంది సరోజిని. నా వైపు చూసి ఎందుకందో మరి.

వారం తిరగకముందే తరగతి సగం ఖాళీ. యాదమ్మ అనే పిల్ల తల్లి నలుగురైదుగురిని వెంటేసుకుని వచ్చింది. భర్తకు గొర్రెల మంద ఉంది. ఊరంతా ఆమెను యాదమ్మ తల్లి అనే అంటారు, నేనూ అంతే.

"పెద్దమ్మా, గా పెట్టెల మాట్లాడేది మొగాయన గాదా?"

"పెట్టెలో మనిషి లేడమ్మా, మాట ఒక్కటే ఉంది" అన్నాను.

"మనిషి లేడని మాకూ ఎర్కనే. మేం గంత ఎడ్డోళ్లం గాదు. మొగాయన అడుగుతున్నడా లేదా? మా పిల్ల జవాబు చెప్తున్నదా లేదా? నీ పేరేంది, మీ నాయన ఎవరు, అన్నదమ్ములెందరు అని అడిగేటోడు పెండ్లి సూపులకొచ్చినోడన్నా గావాలె, పోలీసోడన్నా గావాలె. గీయన ఏ లెక్కల అడుగుతున్నడు?"

నిజంగానే, ఏ లెక్కలో అడుగుతున్నాడు?

ప్లేటు తిరిగే పళ్లెం పక్కన వేగం మార్చే చిన్న మర ఉంది చూడు. మర్నాడు దాన్ని చివరిదాకా తిప్పాను. దొర గొంతు సన్నబడి, ముక్కులోకి పోయి, పరుగందుకుంది. అది ఆడగొంతని నేను ప్రమాణం చేయలేను, మగగొంతని ఎవరూ ప్రమాణం చేయలేరు. తల్లులను పిలిచి, దొరను పంపేశాం, దొరసాని వచ్చిందని వినిపించాను.

యాదమ్మ తల్లి చెవి ఒగ్గి విని, "ఈమెకు గింత తొందరేంది?" అంది.

"ఎసరు పెట్టి వచ్చిందేమో" అన్నాను.

"గంతే పెద్దమ్మా" అని వెళ్లిపోయింది. పిల్లలందరూ మళ్లీ బడికి వచ్చారు.

సరోజిని మాత్రం వినగానే కనిపెట్టింది. "అమ్మమ్మా, ఇది మోసం."

"పాఠం నువ్వు చెప్పుకో, మోసం నేను చూసుకుంటాను" అన్నాను. అది ఎంతోకాలం నిలవదని తెలిసే నిన్ను ఆడగొంతు ప్లేట్లు అడిగాను. నువ్వు వేదాంతం పంపావు.

మొన్న సోమవారం తనిఖీ అమ్మగారు రానే వచ్చింది. బస్సులో అంతదూరం వచ్చినా చీర మడత నలగని మనిషి. ఆమెను చూడాలని తల్లులంతా వచ్చి వసారాలో బారుగా కూర్చున్నారు. ఆమె యాదమ్మను లేపి, నెమ్మదిగా పేరడిగింది. యాదమ్మ ఊపిరి బిగబట్టి, గొంతు సన్నం చేసి, తన పేరూ తండ్రి పేరూ అన్నదమ్ముల సంగతీ ఒక్క ఊపులో ముక్కుతో చెప్పేసి కూర్చుంది. తరువాతి పిల్లా అంతే. ఆ తరువాతి పిల్లా అంతే. అందరిదీ అదే ముక్కు, అదే పరుగు.

"వీళ్లను వెనక నుంచి ఎవరైనా తరుముతున్నారా?" అంది తనిఖీ అమ్మగారు.

ఆవిడ పెట్టె మోగించమంది. కాసేపు విని, "ఇది నేనూ చిన్నప్పుడు విన్న పాఠమే. చెప్పేది మగాయన" అంటూ మరను వెనక్కి తిప్పేసింది. అందరి ఎదుటా దొరసాని దొర అయిపోయాడు. నిండు గొంతుతో, తీరిగ్గా, ఎవరి పేరో అడుగుతున్నాడు. చెప్పే పిల్ల లేదు. అందరూ లేచి పిల్లల రెక్కలు పట్టుకుని వెళ్లిపోతారనే అనుకున్నాను.

వసారాలోంచి యాదమ్మ తల్లి లేచింది. "ఏమే పెద్దమ్మా, గీయన ఇన్నొద్దులు చీర గట్టుకొని వచ్చిండా?"

తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తనిఖీ అమ్మగారికి అర్థం కాక సరోజినిని అడిగింది. అది జరిగిందంతా, మరతో సహా, దాచకుండా చెప్పింది. నన్ను కొంచెం దాచి ఉండవచ్చు, దాచలేదు.

"అయితే పిల్లల్ని మాన్పిస్తారా?" అని ఆవిడ వసారా వైపు తిరిగి సూటిగా అడిగింది.

"ఎందుకు మాన్పిస్తం?" అంది యాదమ్మ తల్లి. "పంతులమ్మకు పెద్దమ్మ కావలి ఉన్నది. మా పిల్లలకు మేముంటం. దినానికొకరం వచ్చి కూసుంటం. మేం లేనిది గా పెట్టె నోరు తెరవొద్దు. గంతే."

ఈ 'గంతే' ఒప్పుకోవడమూ కాదు, వదిలించుకోవడమూ కాదు, తీర్పు. తనిఖీ అమ్మగారు నన్నూ, పెట్టెనూ, వసారానూ మార్చి మార్చి చూసి, ఈ ఏడాదికి తరగతి ఉంటుందంది. ముందు పిల్లలకు మధ్యమధ్య ఊపిరి తీసుకోవడం నేర్పమంది. సరోజిని ఆ రోజు అన్నం తింటూ తనలో తనే నవ్వుకుంది. కాబట్టి పెళ్లిచూపుల మాట ఇప్పుడు ఎత్తకండి.

తరువాత యాదమ్మ తల్లిని పక్కకు పిలిచి, దొరసాని కాదని నీకు ముందే తెలుసా అని అడిగాను.

"ఇంట్ల మొగోళ్లకు చెప్పెటందుకు ఒక మాట గావాలె గద పెద్దమ్మా. నువ్వు దొరసాని అన్నవ్. మేమూ దొరసాని అన్నం. వాళ్లు ఊకున్నరు."

అది నిజమో, నా పరువు కాపాడడానికి అప్పటికప్పుడు అల్లిన మాటో నాకింతవరకు తేలలేదు. వాళ్లను నేను మోసం చేశానో, వాళ్లే నా చేత చేయించారో కూడా తేలలేదు.

నిన్న కాపలా వంతు ఆమెది. కొంగు నడుముకు దోపుకుని, పెట్టెకు ఎదురుగా, దొర ఏమాత్రం అటూ ఇటూ అయినా పట్టుకునేట్టు కూర్చుంది. 'వాట్ ఈజ్ యువర్ నేమ్?' అన్నాడతను. వంతు పిల్ల ఇంకా లేవలేదు.

"బుచ్చమ్మ" అంది ఆమె.

పిల్లలంతా గిర్రున తిరిగారు. యాదమ్మ అయితే తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఏంది గట్ల సూస్తరు? అడిగిండు, చెప్పిన" అని, సరోజినితో, "మల్ల పెట్టు" అంది. ఈసారి 'మై నేమ్ ఈజ్' కూడా చేర్చింది. నింపాదిగా, మధ్యలో ఊపిరి తీసుకుని.

ఇన్ని నెలలుగా రోజూ చూస్తున్న మనిషి పేరు నాకు నిన్న తెలిసింది, అదీ పెట్టె అడిగితే. నాకు అడగాలని ఎందుకు తోచలేదో అర్థం కావడం లేదు. నా పేరూ ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇప్పుడా తరగతిలో ఎవరికెవరు కాపలా అన్నదీ తెలియడం లేదు. నేను సరోజినికి, తల్లులు పిల్లలకు, అందరూ కలిసి దొరకు. అతనొక్కడే ధీమాగా ఉన్నాడు.

మేం బాగానే ఉన్నాం, బెంగ వద్దు. ఇది రెండోసారి రాయడమని గమనించి కంగారుపడకు. పిన్ని పాదాలకు నా నమస్కారాలు చెప్పి, సరోజిని మీద ఆమె చల్లని చూపు ఉంచమను. నీకూ, శేషమ్మకూ, పిల్లలకూ నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ అక్క
సుభద్ర

మరిచాను. ఆడగొంతు ప్లేట్లు ఇక వెతకకు. వాటి బదులు గ్రామఫోను సూదులు రెండు డబ్బాలు కొను. గట్టిగా వినిపించే రకమని అడుగు, వసారాలో కూర్చున్నవాళ్లకూ వినబడాలి. మూతలు ఊడకుండా గుడ్డ చుట్టు. యాదమ్మ తండ్రి గొర్రెలు తోలుకుని కోదాడ సంతకు వస్తున్నాడు. సంత రోజు పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, పొట్లం నీ చేత్తో అతనికివ్వు. దాని మీద అతని పేరు రాయకు, నా పేరూ రాయకు. 'బుచ్చమ్మ గారికి, సూర్యాపేట' అని పెద్ద అక్షరాలతో రాయి. అతనికి చదవడం రాదు, ఎవరికని అడుగుతాడు. 'యాదమ్మ తల్లికి' అని చెప్పకు. రాసింది రాసినట్టు చదివి వినిపించు.