కట్టేసిన కుక్క

కార్యదర్శి దుర్గాప్రసాద్ గారికి నమస్కారం.

కాలనీ వాకింగ్ ట్రాకు మీద ప్రతి కుక్కకీ గొలుసు ఉండాలని, మా సీజర్‌కీ మినహాయింపు లేదని మీరు పంపిన నోటీసు అందింది. ఈ నియమం పెట్టమని అడిగింది నేనే, కాదనను. కానీ అడిగింది వెలిమెల నుంచి వచ్చి ట్రాకు ఊడ్చే లస్మవ్వ కుక్క గురించి. అది విడిగా ఆమె వెంట తిరుగుతుంటే మా ఆవిడకి భయం.

మొన్న ఉదయం లస్మవ్వ నియమం ప్రకారం దాన్ని బెంచీకి కట్టేసి ఊడుస్తోంది. మా సీజర్ ఆడుకోవడానికే వెళ్లాడు. నేను పిలిచేలోపే దాని గొంతు పట్టేశాడు.

అప్పుడు లస్మవ్వ ఏమందో మీరూ విన్నారు. "ఇడిసిపెడితే ఉరికి పానం దక్కించుకుంటుండె సారూ. మీరు కట్టేయమంటెనే కట్టేసిన."

నేననేదీ అదే. చచ్చింది కట్టేసిన కుక్క. అంటే ప్రమాదం గొలుసుతోనే. అలాంటిది మా వాడికెలా వేయమంటారు? ఆదివారం మీటింగులో ఆమె చేత ఆ మాట మరోసారి చెప్పించండి.

మా ఆవిడ జాలిపడి, సీజర్ తినకుండా వదిలేసిన బిస్కెట్ల డబ్బా లస్మవ్వకి ఇచ్చింది. "ఇగ ఎవరికి పెట్టాలె అమ్మా?" అని వెనక్కిచ్చింది. అంత పొగరు!

ఒక్క విన్నపం. ఆ కుక్కని కట్టిన తాడు ఇంకా బెంచీకే వేలాడుతోంది. లస్మవ్వ చుట్టూ ఊడుస్తుంది గానీ దాన్ని ముట్టుకోదు. రోజూ సీజర్ అక్కడే ఆగిపోతున్నాడు, మా నడక సాగడం లేదు. దయచేసి ఆమె చేతే విప్పించండి.

ఇట్లు,
సీజర్ వాళ్ల నాన్న