కొసరు గుప్పిడి

శుక్రవారం రాత్రి, అరకు

ఈరోజు సంతలో నా పని నేను బాగా చేశాను. ఇంకెవరూ అనరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

మిరియాలు కొనే షావుకారు కాటా చూశాను. రాళ్లు సరిగ్గానే ఉన్నాయి, ముద్ర కూడా ఉంది. తూనికల ఇన్‌స్పెక్టర్‌గా అక్కడితో సంతకం పెట్టి వచ్చేయొచ్చు. కానీ నిలబడ్డాను. కొండమీది నుంచి వచ్చిన ఒక ముసలామె సరుకు తూచడం అయిపోయాక, ఆమె బుట్టలోంచి ఇంకో రెండు గుప్పిళ్లు తీశాడు.

“ఇదేంటి?” అన్నాను.

“కొసరు మేడం. ఎప్పుడూ తీసుకునేదే. ఆళ్లేటీ అనుకోరు.”

“అదీ కాటా మీద వెయ్యండి.”

“ఇలాగైతే యాపారం ఎలా సేత్తాం?” అని గొణుగుతూనే వేశాడు. దానికీ డబ్బిచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ చూడాల్సింది రాళ్లనేనని మా ఆఫీసులో అంటారు. రాళ్ల పక్కన చేతులు కూడా ఉంటాయి కదా!

అంతా అయ్యాక ముసలామె నా దగ్గరికొచ్చింది. బుట్ట అడుగున మిగిలిన మిరియాలు గుప్పిట్లో పట్టి నా ముందు చాపింది.

“ఇది నీదమ్మా.”

ప్రేమతో ఇస్తోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు.

“బేగి తీసుకో, బస్సెల్లిపోద్ది.”

కాటా దగ్గర నిలబడ్డవాళ్లందరికీ గుప్పిడి ఇవ్వాలని ఆమెకి తెలుసు. ఆమె దృష్టిలో నేనూ ఇంకో షావుకారునే.

ఆ గుప్పిడినీ కాటా మీదే వేయించాను. నేను వెళ్లలేని శుక్రవారాల్లో ఏమవుతుందో...

వచ్చే వారం మాత్రం వెళ్తాను. ఆమె ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను.