అన్నయ్య పేరున వచ్చిన కాయిళ్లు

మార్చి 4, మంగళవారం

ప్రియమైన నాన్నకి,

ఈ ఉదయం పాలు ఇంకా పొయ్యి మీద ఉండగానే గేటు దగ్గర పార్శిల్ అతను అన్నయ్యని పేరు పెట్టి పిలిచాడు. అమ్మ వంటింట్లోంచి, "వస్తాడు, ఉండండి" అనేసింది. అన్నాక తన మాట తనకే వినబడి ఉండాలి, పొయ్యి కట్టేసి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నేను వెళ్లి సంతకం పెట్టాను. మీరు ఆయనకి ఏమవుతారో ఇక్కడ రాయాలండీ అన్నాడతను. 'చెల్లెలు' అని రాశాను. చిన్న గడి. ఆ మాట అందులో ఇరుకిరుగ్గా పట్టింది.

పెట్టెలో నాలుగు ఇగ్నిషన్ కాయిళ్లు ఉన్నాయి. నువ్వు చెబితే అన్నయ్య సెప్టెంబరులో ఆర్డరు పెట్టినవే. సరుకు అయిపోయిందనీ తయారవగానే పంపుతామనీ కంపెనీవాళ్లు అప్పుడు అన్నారు కదా, ఆర్నెల్లకి వచ్చాయి.

ఆదివారం నేనూ అమ్మా అన్నయ్య కారులో నీళ్ల ట్యాంకు గుట్ట మీదికి వెళ్లాం. చదును రోడ్డు మీద బంగారంలా నడుస్తుంది. ఎత్తు మొదలై, నేను కాలు గట్టిగా నొక్కి, టర్బో గాలి ఊదడం అందుకునేసరికి ఎక్కిళ్లు పట్టినట్టు కుదిపేస్తుంది. కాలేజీలో మా ఆటోమొబైల్ మాస్టారు చెప్పిన మాట నాకు భలే నచ్చింది: టర్బో అంటే ఇంజినుకి ఆకలికి మించి గాలి కుక్కి పెట్టడమట. అంత ఒత్తిడిలో ప్లగ్గు కొసల మధ్య నిప్పురవ్వ దూకాలంటే కాయిల్‌కి బలం కావాలి, లేకపోతే రవ్వ ఆరిపోతుంది. నీకు తెలిసినవే రాస్తున్నానని నవ్వకు. నేర్చుకున్నది ఎవరికైనా చెబితే తప్ప నాకు అది వచ్చినట్టుండదు.

ఆ కుదుపుకి అమ్మ, "వాడిక్కూడా ఇలాగే చేసేదా?" అని అడిగింది. ఇలాగే అన్నాను.

ఇప్పుడు సంగతేమిటంటే, ఈ కాయిళ్లు పెట్టాలా, అటకెక్కించాలా? పాతవి ఎందుకు చాలడం లేదో తేలకుండా బలమైనవి తగిలించడం డాక్టరుకి చూపించకుండా మందు మింగడం లాంటిదంటారు మాస్టారు. కానీ అప్పుడు బానెట్ మీద చెవి పెట్టి విని, కాయిళ్లు బలహీనంగా ఉన్నాయి, కొత్తవి వచ్చేదాకా బండి తీయొద్దు అని చెప్పింది నువ్వు. అన్నయ్య నీ మాట విన్నాడు. పదకొండో రోజు డ్యూటీకి వానలో ఎదురింటివాళ్ల మోటారుసైకిల్ మీద వెళ్లాడు. ఆ పైన రాయను.

నువ్వేం చెబితే అది చేస్తాను.

నీ జవాబు కోసం గేటు వైపు చూస్తూ,
నీ ప్రశ్నలపుట్ట

*

మార్చి 8

ప్రియమైన ప్రశ్నలపుట్టకి,

నీ ఉత్తరం క్వారీ లారీలో నిన్న అందింది. ఇక్కడ ఫోను పలకదు కాబట్టి నీ చేతిరాత చూసే భాగ్యం దొరుకుతోంది. అక్షరాలు బాగా కుదిరాయి. నావే జనరేటర్ల నూనె అంటి ఇలా ఉన్నాయి, సర్దుకో.

కాయిళ్లు పెట్టెయ్. ఒక్కోదానికీ ఒకటే బోల్టు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు పాతది నిలువుగా పైకి లాగి, కొత్తది అదే దారిలో దించు. చప్పుడు వినబడేదాకా వైరు తొడుగు నొక్కు. అంతే పని. ప్లగ్గుల జోలికి పోకు. అవి బండి వచ్చిన రోజు నా చేత్తో పెట్టినవి, బాగానే ఉంటాయి. మీ మాస్టారిది పుస్తకం చదువు, నాది ముప్పై ఏళ్ల చెవి.

ఇక్కడ రాతిపొడికి ఫిల్టర్లు వారానికొకసారి కడగాలి. తింటున్నాను. అమ్మకి చెప్పు.

జాగ్రత్త తల్లీ,
నాన్న

*

మార్చి 12

ప్రియమైన నాన్నకి,

ముప్పావు పేజీ రాశావు, అందులో ఎక్కువ భాగం 'ఇలా చెయ్యి'లే. అయినా ఆరుసార్లు చదివాను.

నువ్వు చెప్పింది మాస్టారికి చెప్పాను. కాయిల్ ఎలాగూ పైకి తీస్తావు, కింద ప్లగ్గు కనిపిస్తూనే ఉంటుంది, అది చూడకుండా మూత పెట్టేవాళ్లని మెకానిక్ అనరు అన్నారు. మా నాన్న పెట్టినవండీ అన్నాను కాస్త రోషంగా. అయితే తప్పకుండా చూడు, మంచి పనివాడి చేయి చూస్తే సగం చదువు వచ్చేస్తుందన్నారు. ఆ మాటకి పొంగిపోయాను. శనివారం కాలేజీ వర్క్‌షాపుకి బండి తెమ్మన్నారు. ప్లగ్గు కొసల మధ్య ఎడం కొలిచే రేకులు అక్కడే ఉన్నాయి. నీ దగ్గర ఉండేది ఒక్కటే కదా, తాళాలగుత్తికి వేలాడే ఆ యంత్రరంపం బ్లేడు ముక్క! నాన్నకి ఊళ్లో ఇంజిన్లన్నిటికీ ఒకే కొలత అని అన్నయ్య ఏడిపించేవాడు. నువ్వేమో ఆ ముక్కతో ఎడం పెట్టిన బండ్లు ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాయిరా అని గర్వపడేవాడివి.

అమ్మ సంగతి నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. రోజూ మధ్యాహ్నం వెళ్లి కారులో కూర్చుంటుంది. నడిపేచోటు కాదు, పక్క సీట్లో. నేను బండి తీసినప్పుడు నా కాళ్లకి అందేలా సీటు ముందుకి జరుపుకుంటానా, దిగాక అమ్మ దాన్ని మళ్లీ అన్నయ్య కాళ్ల కొలతకి వెనక్కి నెడుతుంది.  

శనివారం సాయంత్రమే అంతా రాస్తాను.

నీ నూనె మరకల కోసం చూసే,
ప్రశ్నలపుట్ట

*

మార్చి 19

ప్రియమైన అమ్మలూ,

శనివారం పోయి నాలుగు రోజులైంది. లారీ డ్రైవరు రెండుసార్లు ఉత్త చేతులతో వచ్చాడు. ఒంట్లో బాగుందా? అమ్మ బాగుందా?

కాయిళ్లు పెట్టావా? బండి గుట్ట ఎక్కిందా? ఒక్క ముక్క రాయి, చాలు.

నాన్న

*

మార్చి 21

ప్రియమైన నాన్నకి,

అందరం బాగున్నాం. కాయిళ్లు పెట్టాను. బండి గుట్ట మీదికి కుదుపు లేకుండా వెళ్లింది. నువ్వు చెప్పిందే నిజం, పాత కాయిళ్లే బలహీనం. పరీక్షలు దగ్గరపడ్డాయి, అందుకే ఆలస్యమైంది.

ఉంటాను,
నీ కూతురు

*

మార్చి 25

ప్రియమైన నా తల్లికి,

ఒక బోల్టు గురించి రెండు పేజీలు రాసే పిల్లవి నువ్వు. కాయిళ్లు మార్చి, గుట్టెక్కి, నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావు. ఏ బోల్టు మొరాయించిందో లేదు, మాస్టారు ఏమన్నారో లేదు, ప్లగ్గులు ఏ రంగులో ఉన్నాయో లేదు. అది చదివాక నీకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. నన్ను కాపాడాలని అబద్ధం రాశావు. ఆ బరువు నీకెందుకు? నేనే చెబుతాను.

అన్నయ్య పోయిన పదిహేనో రోజు మధ్యాహ్నం, మీరిద్దరూ ఇంట్లో లేనప్పుడు, ఆ బండి ప్లగ్గులు విప్పాను. పక్క షాపులో కొలిచే రేకులు అడిగి తెచ్చుకున్నాను. ముప్పై ఏళ్లలో వాటిని అడగడం అదే మొదటిసారి. ఆ ఇంజినుకి ప్లగ్గు ఎడం ఏడు ఉండాలి, అంటే మిల్లీమీటరులో పదింట ఏడు వంతులు. నేను పెట్టింది పదకొండు. నాలుగూ ఒక్కలా, వెంట్రుకవాసి తేడా లేకుండా తప్పు. మామూలు ఇంజిన్లకి సరిపోయే రంపం ముక్క కొలతని టర్బో బండికి పెట్టాను. ఆ ఎడం దాటలేకే రవ్వ ఆరిపోయేది. కాయిళ్లకి ఏ జబ్బూ లేదు. ప్లగ్గుల కొసలు కాస్త దగ్గరికి నొక్కి ఉంటే ఆ రోజే, పది నిమిషాల్లో, వాడి బండి వాడికి వచ్చేది. నేను చెవి పెట్టి విని, బండి తీయొద్దన్నాను.

విప్పినవాటిని సరిచేయలేదు. సరిచేస్తే బండి నడుస్తుంది. నడిస్తే నేనేం చేశానో పూర్తిగా ఖాయమైపోతుంది. ఎలా ఉన్నవి అలాగే బిగించేసి, మర్నాడు షాపు మూసి ఇక్కడి పనికి వచ్చేశాను. మీ అమ్మ మొహం చూడలేక వచ్చాను. పని దొరికిందని చెప్పాను.

కాయిళ్లు పెట్టెయ్యమని నీకు రాసింది కూడా అందుకే. బలమైన కాయిల్ ఉంటే అంత ఎడంలోనూ రవ్వ దూకుతుంది. బండి బాగైపోతుంది. నాన్న చెప్పిందే నిజమని నువ్వూ అమ్మా అనుకుంటారు. నా తప్పు దాని కింద పడి ఉంటుంది, ఎవరూ మూత తీయరు. నిన్ను కూడా దానికి వాడుకోబోయాను.

ఈ ఉత్తరం అమ్మకి చూపిస్తావో లేదో నీ ఇష్టం.

నాన్న

*

మార్చి 28, శుక్రవారం

ప్రియమైన నాన్నకి,

ముందు నా అబద్ధం వెనక్కి తీసుకుంటాను. కాయిళ్లు పెట్టలేదు. పెట్టెలోనే ఉన్నాయి.

ఆ శనివారం వర్క్‌షాపులో మొదటి ప్లగ్గు విప్పి, రేకు పెట్టి, పదకొండు అని చదివాను. తప్పు చదివానేమోనని మాస్టారిని చూడమన్నాను. ఆయన చూసి, ఎవరు పెట్టారో తెలుసా అని అడిగారు. అంతకుముందే మా నాన్న పెట్టినవని చెప్పుకున్నదాన్ని, తెలియదండీ అన్నాను. ఆయన బయటికెళ్లి నిలబడ్డారు. నాలుగూ కొలిచాను. సరిచేసే పనిముట్టు చేతిలోనే ఉంది. అయినా నీలాగే, ఎలా ఉన్నవి అలాగే బిగించేశాను. కొత్త కాయిళ్లు తగిలిస్తే నీ మాట నిలబడుతుందని నాకూ తోచింది. మూడుసార్లు పెట్టె తెరిచాను. అవి ఉండగా నీ తప్పు కనబడదు, నిజమే. కానీ బండి తీసిన ప్రతిసారీ దాని మీద కూర్చుని నడపాల్సింది నేనే.

నీ తప్పేం లేదని రాద్దామని ఈ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. నాకు కొత్తగా వచ్చిన మాటలన్నీ వేసి చూశాను, ఏదీ నిలవలేదు. ఎడం తప్పు నీదే నాన్నా. వాన నీది కాదు. ఆ మలుపులో బస్సు నీది కాదు. ఇంతకంటే చక్కగా చెప్పడం నాకు రాదు.

నీ ఉత్తరం నేను చూపించలేదు. అమ్మే అడిగింది. కాగితం పట్టుకుని పెరట్లోకి వెళ్తే అడగక ఏం చేస్తుంది? చదివి, మడిచి నా చేతికిచ్చి చెప్పింది. ఆ రోజు బస్సులో వెళ్తానని అన్నయ్య గొడుగు తీసుకున్నాడట. ఆలస్యమవుతుందని, ఎదురింటికి వెళ్లి మోటారుసైకిల్ తాళం అడిగి తెచ్చి వాడి చేతిలో పెట్టింది అమ్మేనట. ఆర్నెల్లుగా ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఇల్లు వదిలి వెళ్లింది ఆ సంగతి తెలిసే అనుకుందట.

 ఆ తర్వాత అమ్మ అంది: "మీ నాన్న అక్కడ ఒక్కడే మోస్తున్నాడు, నేనిక్కడ ఒక్కదాన్నే మోస్తున్నాను. ఎవరి దగ్గర ఎంతుందో ఒకచోట దించుకుని చూడాలి. నన్ను తీసుకెళ్లు."

ఈ ఉత్తరం సాయంత్రం లారీలో నీకు అందుతుంది. రేపు ఉదయం ఆరింటికి నేనూ అమ్మా అన్నయ్య కారులో బయల్దేరుతాం. ప్లగ్గులు ముట్టుకోలేదు, అవి నువ్వే సరిచేయాలి. ఘాట్ రోడ్డు మీద కాలు నొక్కకుండా, టర్బో ఊదే దాకా పోనివ్వకుండా, చిన్న గేర్లలో మెల్లగా ఎక్కిస్తాను. పదింటికి క్వారీ గేటు దగ్గర ఉంటాం. లోపలికి రానిచ్చేలా కాపలా అతనికి చెప్పి ఉంచు.

అంత ఎత్తెక్కాక ఇంజిను కాలిపోతూ ఉంటుంది, చల్లారేదాకా గంటసేపు ప్లగ్గులు విప్పకూడదు. ఆ గంట నీతో మాట్లాడతానంది అమ్మ. నేను జనరేటర్ల షెడ్డులో కూర్చుని ఫిల్టర్లు కడుగుతూ ఉంటాను. చల్లారాక పిలవండి.

రేపు పదింటికి కలుస్తూ,
నీ ప్రశ్నలపుట్ట