వర్దాకి పురుగుల కషాయం

జనవరి 3, ఉదయం 6
ఈరోజు నుంచే! ఇరవై ఒక్క రోజులు మా అత్తగారి గేదె వర్దాకి వరిగడ్డి మాత్రమే. బర్సీం పచ్చగడ్డి పోచ కూడా పెట్టను. ఖర్జూర మొద్దుల్ని తొలిచి తినే ఎర్రముక్కు పురుగు పొట్టలోంచి బాక్టీరియా తీసి సీసాల్లో పెంచాను. రోజుకో సీసా తాగిస్తే ఎండుగడ్డి ఇట్టే అరిగిపోతుంది. మా ఆవిడ నజ్వా లెక్క ప్రకారం వర్దా రోజుకి ఎనిమిది లీటర్ల పాలిస్తుంది. అది తగ్గితే నా ప్రాజెక్టు ఎత్తేస్తానన్నాడు మా పరిశోధన సంస్థ డైరెక్టరు. దాంతోపాటే నా ఉద్యోగమూ.

జనవరి 4
సగం సీసా వర్దా పొట్టలోకి, సగం నా జుబ్బా మీదికి. గడ్డి మాత్రం శుభ్రంగా తింది! అత్తగారికి తప్ప ఎవరికీ చేపదు. నేను పక్కనుంటే పాలు బిగబట్టేస్తుంది. అందుకే గుమ్మంలో పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. అత్తగారు బకెట్టు మీద గుడ్డ కప్పి తెచ్చి, ఆరు లీటర్లు అంది.

జనవరి 6
అయిదు. చలి వల్లే. రేపటి నుంచి రెండు సీసాలు.

జనవరి 8
నాలుగు. బాక్టీరియాకి కొత్త చోటు కదా, కుదురుకోవాలి. నజ్వా నా వంక జాలిగా చూస్తోంది. భయంగా ఉంది.

జనవరి 9, శుక్రవారం
సాయంత్రం 4:00. బర్సీం ఒక్క పిడికెడు. మందులాగా.
4:20. ఇంకో పిడికెడు. సెలవు రోజు కదా.
5:00. మోపు.

జనవరి 11
ఓడిపోయానని డైరెక్టరుకి ఉత్తరం రాసుకున్నాను. భోజనానికి నజ్వా ఫతీర్ రొట్టెలు పెట్టింది, పొర పొరకీ వెన్న కారుతోంది. నాలుగు లీటర్లకి ఇంత వెన్నెక్కడిదని అడిగాను. అత్తగారు తల దించుకుంది.

"శుక్రవారం దాకా రోజూ పదిచ్చింది, డాక్టరూ. నువ్వేమో పెన్ను పట్టుకుని గుమ్మంలో నిలబడితివి. రాసి అందరికీ చూపిస్తానంటివి. పది అని నోటితో ఎలా అనను? గేదెకి దిష్టి తగలదూ?"

"మరి శుక్రవారం తర్వాత?"

"ఇప్పుడూ పదే. అయితే ఇప్పుడు బర్సీం తింటోందిగా."

ఎండుగడ్డి మీద పది లీటర్లు! నా పురుగులు గెలిచాయి, బర్సీం పెట్టి వాటిని ఓడించింది నేనే. ఏడుపొచ్చింది. అయినా నాలుగు రొట్టెలు తిన్నాను.

జనవరి 12, ఉదయం 6
ఈరోజు నుంచే! ఇరవై ఒక్క రోజులు. పోచ కూడా పెట్టను. నిజం చెబుతానని అత్తగారు నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

7:15. మూడు అంది. అంత తక్కువ చెప్పిందంటే పన్నెండైనా ఇచ్చి ఉండాలి. సంతోషంగా రాసుకున్నాను.

7:30. ఒకవేళ నిజంగానే మూడేమో.